వైద్యవిద్య మన సీమకు వచ్చిన త్రోవ



మంచి వైద్యుని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు మన పల్లెలలో "ఆయన హస్తవాసి మంచిది" అని యందురు. ఆ చేతికి ఆ వాసి యెచ్చట నలవడినది, ఎన్ని యేండ్లకు అలవడినది, ఎవరు నేర్పిరి అని విచారించువారు మాత్రము తక్కువ. గోదావరికి దక్షిణముననున్న కరీంనగరు సీమవారికిని, ఉత్తరముననున్న ఆదిలాబాదు సీమవారికిని ఈ విచారణ మిక్కిలి యవసరము. ఏలయన, హైదరాబాదు రాజ్యమున నూతన వైద్యవిద్య ఆరంభమైన పిమ్మట నూట యేబది సంవత్సరములకు పైగా ఈ రెండు సీమలలో రోగులుండిరి, రోగములుండెను. వైద్యుని తయారుచేయు కళాశాల మాత్రము ఒక్కటియు లేకుండెను.

నేటి ప్రసంగమున నేను మీ ముందుంచదలచినది ఒక్క విషయము. వైద్యవిద్య యెచ్చట బోధింపబడునో, దానిని నేర్చినవారు ఆ చుట్టుప్రక్కలనే నిలుచుట యెక్కువ. పట్టణమున నేర్చినవాడు పట్టణమునకు అలవాటుపడును. పల్లెకు చేరువగా నేర్చినవానికి పల్లె పరాయిది గాదు. దీనిని రెండు చరిత్రలచేత నిరూపింప యత్నింతును. ఒకటి దూరదేశమైన అమెరికాలోని ఆస్టియోపతి వైద్యవిద్య చరిత్ర. రెండవది మన సొంత చరిత్ర.

ఆస్టియోపతి యను పేరు మీలో కొందరికి క్రొత్త కావచ్చును. గ్రీకు భాషలో ఆస్టియోను అనగా ఎముక. ఎముకలను, కీళ్లను, కండరములను చేతితో పరీక్షించి, చేతితోనే సవరించుట ఈ పద్ధతికి మూలము. ఈ పని మనకు వింత గాదు. మన పల్లెలలో చేయి విరిగినను, కీలు తప్పినను, నడుము పట్టుకొన్నను పసరు నూరి, వెదురు బద్దలు పెట్టి కట్టు గట్టువారు తరతరములనుండి కలరు. చిత్తూరు ప్రాంతమున పుత్తూరు కట్టునకు గల ప్రసిద్ధి తెలుగు దేశమంతట వ్యాపించినది. ఈ విద్య తండ్రినుండి కొడుకునకు వచ్చునదే గాని, పాఠశాలలో నేర్పునది గాదు. దాని బలమును, బలహీనతయు రెండును ఇందులోనే యున్నవి. చేతి స్పర్శచేత కీలు జాడ తెలిసికొనుట దాని బలము. రక్తనాళములు ఎట్లు పారునో, ఎముక లోపల ఏమి జరిగెనో తెలియక బిగించి కట్టినప్పుడు చేయి కుళ్లిపోయి, తుదకు దానిని కోసివేయవలసి వచ్చుట దాని బలహీనత.

అమెరికాలో ఇట్టి చేతివైద్యమును పాఠశాల కెక్కించిన వాడు ఆండ్రూ టేలర్ స్టిల్. ఈయన 1828లో వర్జీనియా రాష్ట్రమున జన్మించెను. తండ్రి మతబోధకుడు, వైద్యుడు కూడను. ఆ కాలమున అమెరికా పడమటి సీమలలో వైద్యకళాశాలలు అరుదు. కావున స్టిల్ మన కట్టు గట్టువారివలెనే తండ్రి వెంట తిరిగి వైద్యము నేర్చెను. ఆ దేశపు అంతర్యుద్ధమున సైనికులకు చికిత్స చేసెను. 1864లో మెదడు పొరల వ్యాధిచేత ఆయన బిడ్డలు ముగ్గురు కొలది దినములలో మరణించిరి. వైద్యులు వచ్చిరి, ఔషధములిచ్చిరి, ఏదియు పనిచేయలేదు. ఆ కాలపు ఔషధములలో పాదరసముతో చేసినవియు, నల్లమందును మిక్కిలి వాడుకలో నుండెను. వానివలన మేలుకంటె కీడే తరచుగా జరుగుచుండెను. తన ఇంట జరిగిన ఆ నష్టముతో స్టిల్ మనసు ఔషధములనుండి మరలి, శరీరనిర్మాణము వైపు తిరిగెను. ఎముకలను ఏండ్ల తరబడి పరిశీలించి, 1874లో తన క్రొత్త పద్ధతిని ప్రకటించెను.

ప్రకటించినంతనే లోకము ఒప్పుకొనలేదు. ఆయన ఊరూర తిరిగి, తాను మెరుపువలె కీళ్లు సరిచేయువాడనని చెప్పుకొని జీవించిన దినములు కలవు. తుదకు 1892లో మిస్సోరి రాష్ట్రములోని కర్క్స్‌విల్ అను చిన్న పట్టణమున పాఠశాల స్థాపించెను. ఇచ్చట మనము గమనింపవలసిన విషయములు మూడు కలవు. మొదటిది, ఆ పాఠశాల మహానగరమున గాక వ్యవసాయదారుల నడుమ వెలసినది. రెండవది, మొదటి తరగతిలోనే స్త్రీలును చేర్చుకొనబడిరి. మూడవది, శరీరశాస్త్రము బోధించుటకు ఎడింబరోలో చదివిన విలియం స్మిత్ అను వైద్యుని స్టిల్ పిలిపించెను. అనగా తన చేతి నేర్పు ఎంత గొప్పదని తాను నమ్మినను, శాస్త్రము తెలిసిన గురువు లేనిదే విద్య నిలువదని ఆయన గ్రహించెను. మన కట్టువైద్యమునకును, ఆయన పాఠశాలకును నడుమ దూరము పుట్టినది ఇచ్చటనే.

స్టిల్ చెప్పిన వన్నియు సత్యములని నేను చెప్పను. రోగములలో పెక్కింటికి ఎముకల స్థానభ్రంశమే కారణమని ఆయన నమ్మెను. ఆ నమ్మకము శాస్త్రపరీక్షకు నిలువలేదు. సూక్ష్మక్రిముల విషయము, టీకాల విషయము, క్రొత్త ఔషధముల విషయము వెల్లడియైన కొలదియు ఆయన శిష్యులు వానిని తమ విద్యలో చేర్చుకొనిరి. 1910లో ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ అను విద్యావేత్త అమెరికాలోని వైద్యకళాశాలల నన్నిటిని పరీక్షించి కఠినమైన నివేదిక వ్రాసెను. ప్రయోగశాలలు లేనివి, ఆసుపత్రి లేనివి, రుసుము కొరకే నడచునవి ఆయన చేత తీవ్రముగా విమర్శింపబడెను. ఆస్టియోపతి కళాశాలలును తప్పించుకొనలేదు. ఆ విమర్శను దిగమ్రింగి, తమ బోధనను పెంచుకొన్నవి నిలిచెను, పెంచుకొనలేనివి మూతపడెను.

అయినను ఆ పట్టము గలవారికి సమానగౌరవము చిరకాలము లభింపలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యము వారిని వైద్యాధికారులుగా తీసికొనలేదు; 1966లో గాని ఆ యడ్డు తొలగలేదు. 1962లో కాలిఫోర్నియా రాష్ట్రమున సుమారు రెండువేల మంది ఆస్టియోపతి వైద్యులు 65 డాలర్లు చెల్లించి తమ పట్టమును మామూలు వైద్యపట్టముగా మార్చుకొనిరి. నిన్నటివరకు పనికిరాదన్న విద్యయే ఒక్క దినమున, ఒక్క రుసుముతో, పనికివచ్చినదాయెను. దానినిబట్టి ఆ రెండు విద్యల నడుమ అప్పటికే ఎంత స్వల్పభేదము మిగిలినదో మీరే యూహింపవచ్చును. 1973 నాటికి ఆ దేశపు రాష్ట్రములన్నిటను వారికి పూర్తి వైద్యాధికారము లభించెను.

నేడు అమెరికాలో ఆ పట్టము పొందగోరువాడు మొదట నాలుగేండ్లు సామాన్య పట్టము చదివి, పిమ్మట నాలుగేండ్లు వైద్యకళాశాలలో చదువవలెను. అందు మొదటి రెండేండ్లు ముఖ్యముగా తరగతులు, ప్రయోగశాలలు. తరువాతి రెండేండ్లు ఆసుపత్రులు. ఇతర వైద్యులు చదువునదంతయు చదివి, దానిపై సుమారు 200 గంటలు చేతితో పరీక్షించి సవరించు విద్యను అభ్యసింపవలెను. పట్టము వచ్చిన వెనుక మూడు మొదలు ఏడేండ్లవరకు ఆసుపత్రిలో ఉండి తర్ఫీదు పొందవలెను. 2020 నాటికి ఈ చివరి తర్ఫీదు రెండు తెగల వైద్యులకును ఒక్కటిగా చేయబడెను. నేడు ఆ దేశమున వైద్యము చదువు ప్రతి నలుగురిలో ఇంచుమించు ఒకరు ఆస్టియోపతి కళాశాలకు చెందినవారు. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబముల బిడ్డలును వారిలో కలరు.

ఒక హెచ్చరిక ఇచ్చటనే చెప్పవలెను. అమెరికాలో ఈ పట్టము గలవాడు సంపూర్ణ వైద్యుడు. శస్త్రచికిత్సయు చేయును, మందును వ్రాయును. ఇంగ్లండు మొదలగు దేశములలో ఆస్టియోపతి చేయువాడు చేతిచికిత్స మాత్రమే నేర్చినవాడు. సంపూర్ణ వైద్యుడు గాడు. పేరొక్కటే, విద్య వేరు. కావున ఎచ్చటనైన అట్టి పలక కనబడినయెడల ఏ కళాశాలలో, ఎన్నియేండ్లు చదివితివని అడుగుటకు వెనుదీయరాదు. ఏ వైద్యునినైనను ఈ ప్రశ్న యడుగుట రోగికి హక్కు.

ఆ చరిత్రలో మన సీమకు మిక్కిలి దగ్గరగా తోచు ఘట్టము మరియొకటి కలదు. అమెరికా తూర్పు భాగమున ఆపలాచియా యను కొండసీమ కలదు. అది బొగ్గుగనుల సీమ. గనికూలీలు, బీదవారు, ఎగుడుదిగుడు త్రోవలు, వైద్యుని కొరతయు అచ్చట చిరకాలమునుండి కలవు. పట్టణములలో చదివినవారు అచ్చటికి వచ్చి నిలువరైరి. 1970ల యందు వెస్టు వర్జీనియాలోని లూయిస్‌బర్గ్ అను చిన్న పట్టణమునను, 1997లో కెంటకీలోని పైక్‌విల్ పట్టణమునను ఆస్టియోపతి కళాశాలలు తెరువబడెను. బయటినుండి వైద్యుని పిలుచుటకంటె, ఆ కొండల బిడ్డలనే ఆ కొండలలోనే వైద్యులనుగా చేయుట మేలని వాని ఉద్దేశము. ఇదియే మాటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో అన్ని దేశములకును సూచించినది. పల్లెటూరి పుట్టుక గల విద్యార్థులను చేర్చుకొనుడు, వైద్యకళాశాలలను రాజధానులకు వెలుపల నెలకొల్పుడు, విద్యార్థులకు పల్లెలలో తర్ఫీదు నిండు అనునవి ఆ సూచనలలో ముఖ్యమైనవి.

ఇక మన చరిత్రకు వత్తము.

హైదరాబాదు రాజ్యమున నూతన వైద్యవిద్య 1846లో ఆరంభమైనది. నాటి ప్రభువు నాల్గవ అసఫ్‌జా యగు నాసిరుద్దౌలా. ఆయన మధుమేహముచే బాధపడుచుండగా రెసిడెన్సీ వైద్యుడు విలియం క్యాంబెల్ మెక్లీన్ ఔషధములతో పనిలేక, ఆహారనియమముచేతనే నెమ్మది కలిగించెనని చెప్పుదురు. ప్రభువు సంతసించి, తన ప్రజలకును ఆ విద్య నేర్పుమని కోరగా హైదరాబాదు వైద్యపాఠశాల వెలసినది. ఈ పాఠశాలలో బోధన ఉర్దూ భాషలో జరిగెను. ఇంగ్లండులో పుట్టిన శాస్త్రమును దేశభాషలో నేర్పుట ఆ కాలమున సామాన్యమైన సాహసము గాదు. అచ్చట చదివి బయటికి వచ్చినవారు హకీములను పేరనే వ్యవహరింపబడి, సర్కారు దవాఖానలలో పనిచేసిరి.

1885లో ఎడ్వర్డు లారీ యను వైద్యుడు ఆ పాఠశాలకు అధిపతియయ్యెను. శస్త్రచికిత్సకు ముందు రోగికి స్పృహ తప్పించుటకై వాడు క్లోరోఫారము ప్రమాదకరమా కాదా యని తేల్చుటకు ఈయన ప్రోద్బలమున 1888లోను, 1889లోను హైదరాబాదున రెండు పరిశోధనా సంఘములు పనిచేసెను. వాని వ్యయము నిజాము ప్రభుత్వము భరించెను. వాని నివేదికలు లండనులో చర్చింపబడెను. లారీ చేసిన నిర్ణయములలో కొన్ని పిమ్మట తప్పని తేలినను, ఒక దేశీయ రాజ్యములోని వైద్యపాఠశాల ప్రపంచము తనవైపు చూచునట్లు చేసినమాట నిజము. లారీ కాలముననే స్త్రీలకును ఆ పాఠశాల ద్వారములు తెరువబడెను. రూపాబాయి ఫర్దూంజీ అను పార్సీ వనిత 1885లో చేరి, 1889లో చదువు ముగించి, క్లోరోఫారమిచ్చుటయందు నిపుణురాలై, 1909లో పైచదువులకు ఎడింబరో వెళ్లెను. కర్క్స్‌విల్‌లో స్త్రీలు వైద్యము చదువనారంభించుటకు ఏడేండ్లు ముందుగానే హైదరాబాదున ఆ పని జరిగినదని మనము సగర్వముగా చెప్పుకొనవచ్చును.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. ఒక భారతీయ భాషయే బోధనాభాషగా ఏర్పడిన విశ్వవిద్యాలయమగుటచేత దానికి పేరు వచ్చినది. అనువాదశాఖ యొకటి కూర్చుండి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చెను. 1920ల యందు పాత వైద్యపాఠశాల ఉస్మానియా వైద్యకళాశాలగా మారెను. 1948 తరువాత విశ్వవిద్యాలయ బోధన ఆంగ్లమునకు మరలెను.

ఇంతవరకు చెప్పినది హైదరాబాదు నగరపు కథ. ఈ కథలో కరీంనగరు రైతుబిడ్డ ఎచ్చట నుండెను? ఆదిలాబాదు గోండు బిడ్డ ఎచ్చట నుండెను?

కరీంనగరునుండి హైదరాబాదు సుమారు 160 కిలోమీటర్లు. ఆదిలాబాదునుండి సుమారు 300. పాఠశాల తెరచిన 1846లో రైలు లేదు, ఎడ్లబండియే గతి. కాజీపేటనుండి బలార్షాకు పోవు రైలుమార్గము 1929లో గాని పూర్తిగాలేదు. దూరము ఒక యడ్డైనచో, భాష మరియొక యడ్డు. ఇంట మాటలాడునది తెలుగు. బడిలో చదువునది ఉర్దూ. కరీంనగరు సీమలోని హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డి గారు తెలుగు కవులలో అగ్రగణ్యులైరి. అయినను పట్టభద్రులగువరకు వారు చదివినది ఉర్దూ మాధ్యముననే. ఆ త్రోవను దాటగలిగినవారు కొందరు. దాటలేక ఆగినవారు ఎందరో. గోండు బిడ్డకు ఇల్లు గోండీ, సంత తెలుగు, బడి ఉర్దూ. ఆ బిడ్డ వైద్యుడగుట మాట యటుంచి, రోగియై దవాఖానకు వచ్చినప్పుడు తన బాధ చెప్పుకొనుటయే దుస్తరమాయెను.

ఆదిలాబాదు అడవులలో చలిజ్వరము ఎంతటి పీడయో పెద్దలకు తెలియనిది గాదు. ఆ జ్వరమునకు కారణము దోమ యని సికింద్రాబాదునందు 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాసు కనుగొనెను. హుసేను ఖాను అను రోగి దోమకాటున కొక అణా చొప్పున తీసికొని, తనను కరవనిచ్చినందుననే ఆ పరిశోధన సాగెను. రాసు దొరకు 1902లో నోబెలు బహుమానము వచ్చెను. జ్ఞానము మన రాజ్యముననే పుట్టినది. దానిని ఉట్నూరు కొండలకు మోసికొనిపోవు మనుష్యులు మాత్రము తయారు కాలేదు. కనుగొన్న నలుబదియేండ్ల తరువాత కూడ బయటి ఉద్యోగులు ఆ కొండలలో కాపురముండుటకు జంకుచునేయుండిరి.

ఈ చిక్కునకు విరుగుడు కూడ ఆదిలాబాదులోనే దొరకినది. అది వైద్యవిషయమున గాక చదువు విషయమున. 1940లో జోడేఘాటునందు కొమురం భీము ప్రభుత్వ బలగముల కాల్పులలో నేలకొరిగిన పిదప, గోండుల కష్టములను విచారించుటకు మానవశాస్త్రజ్ఞుడైన హైమెన్‌డార్ఫ్‌ను నిజాము ప్రభుత్వము నియమించెను. ఆయన భార్యాసమేతుడై మార్లవాయి గూడెమున నివసించెను. గోండీ రాని బయటి ఉపాధ్యాయులు ఆ కొండలలో నిలువరని గ్రహించి, 1943లో మార్లవాయిలోనే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణాకేంద్రము తెరపించెను. గోండీ భాషలో వాచకములు వ్రాయించెను. బయటివారిని రప్పించుటకు మారుగా ఆ గూడెముల బిడ్డలనే గురువులనుగా చేసిరి. పైక్‌విల్ కొండలలో 1997లో వైద్యవిద్యకు అవలంబించిన సూత్రమును, అంతకు అర్ధశతాబ్దము ముందే మన మార్లవాయి ఉపాధ్యాయవిద్యకు అవలంబించినది. దానిని వైద్యవిద్యకు అన్వయించుటకే మనకు ఆలస్యమైనది.

ఆ యాలస్యమెంతయో లెక్క చూతము. హైదరాబాదు పాఠశాల 1846. వరంగల్లున కాకతీయ వైద్యకళాశాల 1959. అనగా ఉత్తర తెలంగాణమున మొదటి అడుగు పడుటకు 113 ఏండ్లు పట్టెను. కరీంనగరు చెంత ప్రతిమ వైద్యకళాశాల 2001లో వెలసెను. కొలదికాలములోనే చల్మెడ ఆనందరావు వైద్యకళాశాలయు వచ్చెను. రెండును ప్రైవేటు యాజమాన్యమున నడచునవి. ఆదిలాబాదులో రాజీవ్ గాంధీ వైద్యవిజ్ఞాన సంస్థ 2008లో ప్రభుత్వపక్షమున తెరువబడెను. ఆరంభమునుండి 162 ఏండ్లకు ఆదిలాబాదునకు వంతు వచ్చినది.

పిమ్మట కాలము వేగముగా నడచెను. 2016 అక్టోబరులో పాత జిల్లాలు విభజింపబడెను. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండములలో ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమయ్యెను. వీనిలో రామగుండము కళాశాలకు సింగరేణి బొగ్గుగనుల సంస్థ ధనసహాయము చేసినది. ఆపలాచియా బొగ్గుసీమవలెనే మన బొగ్గుసీమకును వైద్యకళాశాల యేర్పడుట విశేషము. 2023లో కరీంనగరు, సిరిసిల్ల, నిర్మలు, ఆసిఫాబాదులలో మరి నాలుగు తెరువబడెను. ఆసిఫాబాదు జిల్లాకు కొమురం భీము పేరుండుట మీ రెరుగుదురు. పాత కరీంనగరు జిల్లాలో నాలుగు, పాత ఆదిలాబాదు జిల్లాలో నాలుగు. వెరసి ఎనిమిది ప్రభుత్వ వైద్యకళాశాలలు. అందు ఏడు రెండేండ్ల లోపల వచ్చినవే.

ఈ సంఖ్య విని సంతోషించుట సహజము. నేనును సంతోషించుచున్నాను. అయినను ఫ్లెక్స్‌నర్ నివేదిక చెప్పిన పాఠమును మరువరాదు. భవనము కట్టినంతమాత్రమున కళాశాల గాదు. గురువులు చాలినంతమంది యుండవలెను. ఆసుపత్రిలో మంచములు, మందులు, పరికరములుండవలెను. రోగులు నమ్మి రావలెను. ఇవి లేనియెడల విద్యార్థి పుస్తకము చదివి, పరీక్ష గెలిచి, రోగి నాడి పట్టకయే పట్టము పుచ్చుకొనును. 1910 తరువాత అమెరికాలో పలు కళాశాలలు మూతపడుటకు కారణము భవనములు లేమి గాదు, బోధన లేమి.

మన దేశమున వైద్యపట్టమునకు చదువు నాలుగున్నర యేండ్లు; దానిపై ఒక్కయేడు ఆసుపత్రిలో కట్టుదిట్టమైన తర్ఫీదు. మొదట శరీరనిర్మాణము, దాని వ్యాపారము, రసాయనము. పిదప రోగముల మూలము, క్రిములు, ఔషధములు. ఆ పిదప వైద్యము, శస్త్రచికిత్స, ప్రసూతి, శిశువైద్యము. 2019లో ఈ పాఠ్యక్రమమును సవరించి, రోగితో మాటలాడు తీరు, మర్యాద, ధర్మము అనునవికూడ నేర్పవలసిన విద్యలుగా చేర్చిరి. 2022లో జాతీయ వైద్యమండలి మరియొక ఏర్పాటు చేసినది. ప్రతి వైద్యవిద్యార్థియు చదువు ఆరంభమునుండియే పల్లెలోని కొన్ని కుటుంబములను దత్తత తీసికొన్నట్లు భావించి, వారి ఆరోగ్యమును ఏండ్ల తరబడి కనిపెట్టవలెను.

ఈ యేర్పాటు సఫలమగుట మన చేతిలో చాలవరకు కలదు. విద్యార్థులు మీ యూరికి వచ్చినప్పుడు వారిని ప్రభుత్వ తనిఖీదారులుగా భావించి తలుపు మూయకుడు. ఇరువదియేండ్ల పడుచువారు నేర్చుకొనుటకు వచ్చిరని తెలిసి, అరుగుమీద కూర్చుండబెట్టి మీ యింటి రోగముల చరిత్ర చెప్పుడు. తాతకు చక్కెర వ్యాధి యున్నదా, తల్లికి రక్తహీనత యున్నదా, పిల్లలకు టీకాలు వేయించిరా అనునవి దాచకుడు. గోండు గూడెములలో పెద్దలు వారికి నాలుగు గోండీ మాటలు నేర్పుడు. నొప్పి ఎచ్చట, ఎన్ని దినములనుండి, ఏమి తింటివి అను మూడు ప్రశ్నలు రోగి భాషలో అడుగగలిగిన వైద్యుడు సగము రోగమును అప్పుడే కనుగొనును.

రెండవ విషయము, శరీరదానము. శరీరశాస్త్రము పుస్తకమునుండి మాత్రమే రాదు. మృతదేహమును కోసి చూడనిదే విద్యార్థికి ఎముక జాడ, నాడి జాడ తెలియదు. ఇన్ని కళాశాలలు వచ్చినప్పుడు ఈ యవసరమును పెరుగును. మరణానంతరము తమ దేహమును విద్యకిచ్చుటకు అంగీకరించువారు మన పల్లెలలోను ముందుకు రావలసియున్నది. ఇది కుటుంబములో మొదట మాటలాడుకొనవలసిన విషయము. పెద్దలు నోరు విప్పినగాని పిన్నలు తలపెట్టలేరు.

మూడవ విషయము, కట్టు గట్టువారి సంగతి. వారిని అవమానింపవలదు; వారి చేతి నేర్పును చులకన చేయవలదు. అయినను ఎముక విరిగిన తావున చర్మము చీలి రక్తము కారినను, కట్టు కట్టిన వెనుక వ్రేళ్లు నల్లబారినను, తిమ్మిరెక్కినను, చల్లబడినను, నొప్పి హెచ్చినను, గంటయైనను ఆగక దవాఖానకు పోవలెను. స్టిల్ అంతటివాడు తన విద్యకు శాస్త్రగురువును పిలిపించుకొనెను గదా! మన కట్టు గట్టువారును తమ బిడ్డలను శాస్త్రము చదువనంపినయెడల, ఆ వంశపు హస్తవాసి శస్త్రవైద్యశాలలో వెలుగును.

నాల్గవది, చదువు. వైద్యకళాశాలలో సీటు పొందుటకు 2016 మొదలు దేశమంతటికిని ఒక్కటే ప్రవేశపరీక్ష సామాన్యమైనది. జీవశాస్త్రము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము పునాదినుండి చక్కగా నేర్చినవారికే అది సాధ్యము. కాబట్టి వైద్యుని తయారుచేయు పని వైద్యకళాశాలలో గాక మీ యూరి ఉన్నత పాఠశాలలో ఆరంభమగును. ఆ పాఠశాలలో శాస్త్రోపాధ్యాయుడు కలడా, ప్రయోగశాల తాళము తీసియున్నదా, ఆడపిల్ల పదవతరగతి తరువాత చదువు మానుచున్నదా అని విచారించు అధికారము గ్రామపెద్దలకు కలదు. రూపాబాయి 1885లో వైద్యపాఠశాల గడప తొక్కినది. మన యూరి ఆడపిల్ల నేడు ఇంటర్మీడియటు గడప వద్ద ఆగుట న్యాయము గాదు.

కర్క్స్‌విల్‌లో చిన్న పాఠశాల పెట్టినవాడు తన బిడ్డలను కోల్పోయిన తండ్రి. ఆ దుఃఖము పాఠశాలగా మారుటకు ఇరువది యెనిమిదేండ్లు పట్టెను. మన రెండు సీమలలో చలిజ్వరమునకు, కాన్పునకు, పాముకాటునకు సకాలమున వైద్యుడు దొరకక బిడ్డలను కోల్పోయిన తలిదండ్రులకు లెక్కలేదు. వారి కొరకు పాఠశాల వచ్చుటకు మరింత దీర్ఘకాలము పట్టినది, అయినను వచ్చినది. 1846లో హైదరాబాదున నాటిన విద్య 2023 నాటికి ఆసిఫాబాదు చేరినది. ఇక అచ్చటినుండి జోడేఘాటునకు, మార్లవాయికి, మంథని అడవిపల్లెలకు చేరవలసినది వైద్యుడు. ఆ కళాశాలలలో చేరు మన బిడ్డలను పట్టణము పిలుచును, పల్లెయు పిలువవలెను. వైద్యుడు వచ్చి నిలుచుటకు తగిన ఇల్లు, అతని బిడ్డలకు తగిన బడి, అతనికి రాత్రివేళ నిర్భయముగా తిరుగు త్రోవ, రోగి మరణించినప్పుడు వైద్యునిమీద చేయి చేసికొనని మర్యాద, ఇవన్నియు కల్పింపవలసినవారు ఆ యూరి పెద్దలే.